ఆర్.ఎస్.ఎస్. ఫీడు: మన తరఫున బోర్డు చూచివచ్చు బంటు

మంచిర్యాల జిల్లాలోని రామకృష్ణాపూరు సింగరేణి బొగ్గుగనుల ఊరు. గనులున్న ఏ ఊరిలోనైనను అందరికి తెలిసిన వస్తువొకటి కలదు: గని ఆఫీసు గోడకు తగిలించిన నోటీసు బోర్డు. షిఫ్టు ముగించి పైకి వచ్చిన కార్మికుడు ఇంటిదారి పట్టకముందు దానివంక ఒకమారు చూచును. క్రొత్త కాగితమేదియు లేకున్న ఆ చూపు వృథా. ఉన్న కాగితమును చూడకపోయినచో కొన్నిసార్లు నష్టము. ఒక్క బోర్డయిన చింతలేదు, దారిలోనే యున్నది. కాని బోర్డులు ఇరువదియై, ఒక్కొక్కటి ఒక్కొక్క ఊరిలో నున్నచో?

ఇంటర్నెట్టులో మనకు కలిగిన చిక్కు ఇదియే. ఒక హైస్కూలు ఉపాధ్యాయుని ఊహింపుడు. పరీక్షల ప్రకటనలకు ఒక వెబ్‌సైటు, వాతావరణమునకు ఒకటి, ప్రభుత్వ ప్రకటనలకు మరియొకటి, తనకు అభిమానమైన శాస్త్రవిషయములకు ఇంకొక నాలుగు. అన్నిటిని ప్రతిదినము తెరచి చూచుటకు తీరిక యుండదు. వారమునకొకసారి చూతమన్నచో దరఖాస్తు గడువు కాస్తా దాటిపోయియుండును. ఈ తిరుగుడును యంత్రమునకు అప్పగించు ఏర్పాటు 1999 నుండియు ఉన్నది. దానినే ఆర్.ఎస్.ఎస్. ఫీడు అందురు. (ఇవే పొడి అక్షరములతో మన దేశమున ప్రసిద్ధమైన సంస్థ యొకటి కలదు, దానికిని దీనికిని ఏ సంబంధమును లేదు.) ఈ మూడక్షరములకు నేడు చెప్పుకొను అర్థము ‘మిక్కిలి సులభమైన పంపిణీ’ అని.

పేరునకు తగినట్లే దాని నిర్మాణము సులభము. వెబ్‌సైటువారు మనము చూచు అందమైన పుటలతోపాటు, యంత్రములు చదువుటకని ఒక చిన్న ఫైలును వేరుగా ఉంచుదురు. అందులో రంగులు లేవు, అలంకారములు లేవు. ఇటీవల వెలువడిన పది యిరువది అంశముల జాబితా మాత్రము ఉండును. ప్రతి అంశమునకు శీర్షిక, దాని పూర్తి పాఠము దొరకు చిరునామా, రెండు మూడు వాక్యముల సారాంశము, వెలువడిన తేదీ, సామాన్యముగా ఇవి యుండును. ఏది శీర్షికయో ఏది తేదీయో యంత్రమునకు తెలియుటకై ప్రతిదానికి ముందు వెనుకల గుర్తుచీటీలు అంటింపబడియుండును. ఈ చీటీల పద్ధతికి ఎక్స్.ఎం.ఎల్. అని పేరు. ప్రయోగశాలలో సీసాలన్నియు ఒక్క తీరుగా నున్నను, వాటిపై చీటీలను బట్టియే గదా ఏది ఆమ్లమో ఏది క్షారమో చెప్పుచున్నాము! క్రొత్త అంశము చేరినప్పుడు అది జాబితా తలపైకి వచ్చును. అడుగున నున్న పాతది జారిపోవును.

ఇక మన వైపున నుండునది ‘రీడరు’ అను ప్రోగ్రాము. ఫీడ్లీ వంటివి ఫోనులో పనిచేయును. థండర్‌బర్డ్ అను ఈమెయిలు ప్రోగ్రాము కంప్యూటరులో ఈ పనియు చేయును. మనకు కావలసిన ఫీడుల చిరునామాలను రీడరునకు ఒక్కమారు ఇచ్చిన చాలును. అటుపైన అది నియమిత కాలమున కొకసారి ఒక్కొక్క సైటునకు పోయి విచారించి వచ్చును. ఇందొక ముచ్చట కలదు. రీడరు ఊరక ‘ఫైలు నిమ్ము’ అని అడుగనక్కరలేదు. ‘నేను క్రిందటిసారి వచ్చినప్పటినుండి మారినదా?’ యని అడుగవచ్చును. మారకున్నచో అవతలి సర్వరు ఫైలును పంపక, 304 అను అంకెతో బదులు చెప్పును. ‘మార్పు లేదు, పోయిరమ్ము’ అని దాని భావము. ఇందువలన పలుమార్లు అడిగినను ఖర్చగు డేటా స్వల్పము. మారినచో ఫైలు వచ్చును. అప్పుడు రీడరు ప్రతి అంశమునకుగల గుర్తింపు పదమును పోల్చి చూచి, ముందే వచ్చినదానిని విడిచి, క్రొత్తదానిని మాత్రము మన ముందుంచును.

‘వాట్సాప్ గ్రూపులో చేరిన ఇవన్నియు వచ్చుచున్నవి గదా!’ యని విద్యార్థులు అడుగవచ్చును. వచ్చుచున్నవి, నిజమే. కాని గ్రూపులో చేరినవారి ఫోను నంబరు ఇతరులకు తెలియవచ్చును; ఫీడునకు చందాదారుడగుటకు ఆ సైటువారికి పేరుగాని నంబరుగాని ఈయనక్కరలేదు. (ఫీడ్లీ వంటి సేవలలో మాత్రము ఒక ఖాతా తెరువవలెను.) అడుగబోవునది మన రీడరే. విసుగు కలిగిననాడు ఒక పేరును జాబితానుండి కొట్టివేసిన సరి. ఇంతకంటె ముఖ్యమైన భేదము మరియొకటి. ఫేస్‌బుక్కు మొదలగువాటిలో మన కంటికి ముందు ఏది కనబడవలెనో ఆ కంపెనీల లెక్కలు నిర్ణయించును. మనలను ఎక్కువసేపు అక్కడ నిలుపుట ఆ లెక్కలకు ప్రియమైన పని. ఫీడులో అట్టి మధ్యవర్తి లేడు. మనము కోరినవారు ప్రకటించినది తేదీల వరుసలో వచ్చును. చదువుట ముగిసినచో జాబితా ఖాళీయగును. చూడవలసినది ఇక లేదనిపించుట ఈ రోజులలో అరుదైన సుఖమని నా అభిప్రాయము.

విషయము వినోదము కానప్పుడు ఈ భేదము మరింత స్పష్టమగును. 2022 జూలైలో గోదావరికి వచ్చిన వరదను ఆ ప్రాంతమువారు మరచియుండరు. ఎగువనున్న కడెం ప్రాజెక్టునకు దాని గేట్లు వదలగలిగినదానికంటె అధికమైన నీరు వచ్చిపడినది. దిగువన మంచిర్యాలలో పల్లపు కాలనీలు మునిగినవి. అట్టి దినములలో నిన్నటి వీడియో నేటి వార్తగా చేతులు మారుట కద్దు. మూలస్థానమునుండి తేదీతో, గంటతో వచ్చిన హెచ్చరిక విలువ అప్పుడు తెలియును. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థవారి ‘సచేత్’ వెబ్‌సైటులో హెచ్చరికలు ఫీడు రూపమునను లభించుచున్నవి. అవి ‘కామన్ అలర్టింగ్ ప్రోటోకాల్’ అను అంతర్జాతీయ పద్ధతి ననుసరించినవి. ఏ అపాయము, ఏ ప్రాంతము, ఎంత తీవ్రత, ఎప్పటివరకు అను వాటికి అందు వేర్వేరు చీటీలు కలవు.

అయితే ఒక జాగ్రత్త. రీడరు అరగంటకో గంటకో ఒకసారి పోయివచ్చునది. గట్టు తెగుచున్నప్పుడు దానిని నమ్ముకొని కూర్చుండరాదు. అప్పుడు ఫోనునకు వచ్చు హెచ్చరిక, సైరను, పొరుగువాని కేక, ఇవియే మేలు. అట్లే కంప్యూటరు చాలదినములు మూసియున్నచో, ఆ నడుమ జాబితానుండి జారిపోయిన అంశములు మనకు చేరకపోవచ్చును.

దీని చరిత్ర చిన్నదే గాని మలుపులు గలది. 1999 మార్చిలో నెట్‌స్కేప్ కంపెనీయందు డాన్ లిబ్బీయు, మద్రాసు ఐ.ఐ.టి.లో చదివిన రామనాథన్ గుహయు తొలిరూపమును తయారుచేసిరి. కొలదికాలములోనే ఆ కంపెనీ దీనిని వదలివేసినది. 2000లో వెలువడిన మరియొక రూపమును తయారుచేసినవారిలో ఆరన్ స్వార్ట్స్ అను పదునాలుగేండ్ల బాలుడుండెను. మన తొమ్మిదవ తరగతి విద్యార్థి వయస్సు! నేడు విరివిగా వాడుకలోనున్న 2.0 రూపమును 2002లో డేవ్ వైనర్ వెలువరించెను. 2005లో ఆటమ్ అను సోదరపద్ధతి వచ్చినది. రీడరులు సాధారణముగా రెంటిని చదువును. గూగుల్ వారి రీడరు 2013 జూలై 1న మూతపడగా ఇక ఫీడుల కాలము చెల్లినదని పలువురు తలచిరి. అట్లు జరుగలేదు. ఫీడు ఏ ఒక్క కంపెనీ సొత్తును కాదు గనుక ఒక అంగడి మూసినను సరకు ఆగలేదు. మనము వినుచున్న పాడ్‌కాస్టులు కూడ ఫీడులే. ధ్వని ఫైలు చిరునామాను తెలుపు చీటీ యొకటి వాటిలో అదనము.

తరగతిలో చేసిచూపదగిన ప్రయోగమొకటి చెప్పెదను. రిజర్వు బ్యాంకు, ప్రెస్ ఇన్ఫర్మేషన్ బ్యూరో వారి ఫీడులతోనైనను మొదలిడవచ్చును గాని, పిల్లలకు తమ ఊరి పేరు రుచించును. తెలుగు వికీపీడియాలో తమ ఊరి పుటను తెరచి, దాని ‘చరిత్ర’ను నొక్కుడు. ఆ పుటను ఎవరెప్పుడు ఏమి మార్చిరో అక్కడ కనబడును. అప్పుడు పరికరముల పట్టికలో ‘ఆటమ్’ అను లంకె యుండును. ఆ లంకె చిరునామాను రీడరునకు ఇండు. పిమ్మట ఆ పుటను ఎవరును తెరచి చూడనక్కరలేదు. ఏనాడో ఒకనాడు ఎవరో ఊరి జనాభా అంకెను మార్చుదురు. తరువాత రీడరు చూచివచ్చినప్పుడు పాత అంకెయు క్రొత్త అంకెయు ప్రక్కప్రక్కన కనబడును. ఏది సరియో తేల్చుటకు పిల్లలు జనాభా లెక్కల పుస్తకము వెదకుకొనవలసి యుండును.