పళ్ళెంలో ఆరోగ్యం

ఉద్దేశం: ఆరోగ్యం ఔషధాలతో కొనుక్కునేది కాదు; నిత్యజీవితంలోని ఆహారం, శ్రమ, విశ్రాంతి, శుభ్రతలతో నిలబెట్టుకునేది. ఈ సత్యాన్ని తెలుగునాటి అనుభవాల ఆధారంగా విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

వేసవి వచ్చిందంటే నూజివీడు ప్రాంతమంతా మామిడిపండ్ల పరిమళంతో నిండిపోతుంది. ఒకప్పుడు కృష్ణా జిల్లాలో భాగంగా ఉండి, 2022లో ఏలూరు జిల్లాలో చేరిన చాట్రాయి మండలం ఈ మామిడి సీమలోనిదే. బంగినపల్లి, తోతాపురి, చిన్న రసం, పెద్ద రసం వంటి రకాలు ఈ ప్రాంతపు తోటల్లో విరగకాస్తాయి. ఎండ ముదరకముందే కూలీలు చిక్కాలు కట్టిన గడలతో తోటలకు చేరుకుంటారు. ముచ్చిక విరగకుండా, సొన అంటకుండా కాయను దించి బుట్టలకెత్తుతారు. విజయవాడ సమీపంలోని నున్న మార్కెట్టు మీదుగా ఆ పండ్లు దేశంలోని అనేక నగరాలకు చేరుతాయి.

ఇంతటి ఫలసంపద ఉన్న రాష్ట్రంలో పోషణకు కొరత ఉండదని అనుకోవడం సహజం. కాని వాస్తవం వేరుగా ఉంది. 2019–21 సంవత్సరాల్లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ వయస్సున్న స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. మరోవైపు, భారతీయ వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగిన విస్తృత అధ్యయనం ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం దేశంలో సుమారు 10 కోట్ల మందికి మధుమేహం ఉంది. ఒకచోట లోపం, ఇంకొకచోట అతి. కొన్ని ఇళ్ళలో ఈ రెండూ ఒకే కప్పు కింద కనిపిస్తాయి. తల్లికి మధుమేహం, కూతురికి రక్తహీనత! ఈ వైరుధ్యానికి మూలం చాలావరకు మన పళ్ళెంలోనే ఉంది.

తెల్లని అన్నం నేర్పిన పాఠం

ఆహారం సమృద్ధిగా ఉన్నంత మాత్రాన ఆరోగ్యం లభించదని తెలుగు దేశం ఒక శతాబ్దం క్రితమే తెలుసుకొంది. గోదావరిపై ధవళేశ్వరం వద్ద, కృష్ణపై విజయవాడ వద్ద పందొమ్మిదో శతాబ్ది మధ్యకాలంలో ఆనకట్టలు వెలిశాయి. డెల్టా భూములు ధాన్యాగారాలయ్యాయి. ఆ తరువాత మరపట్టిన బియ్యం వాడకం విస్తరించింది. రోకటిపోటుతో దంచుకొన్న బియ్యం స్థానాన్ని మల్లెపువ్వు వంటి తెల్లని బియ్యం ఆక్రమించింది. అది సంపదకు, నాగరికతకు చిహ్నమని జనం భావించారు.

అయితే ఆ ధాన్యరాశుల నడుమనే బెరిబెరి అనే వ్యాధి కనిపించింది. కాళ్ళు తిమ్మిరెక్కడం, నడక తడబడడం, శరీరం ఉబ్బడం, గుండె బలహీనపడడం దాని లక్షణాలు. భారతదేశంలో ఈ వ్యాధి ప్రధానంగా ఉత్తర సర్కారుల తీరప్రాంతంలోనే ఎందుకు ఎక్కువగా ఉందన్న ప్రశ్న శాస్త్రజ్ఞులను ఆలోచింపజేసింది. దక్షిణాది ప్రాంతాల్లో అన్నమే ప్రధానాహారమైనా, ఉప్పుడు బియ్యం తినేవారిలో ఈ వ్యాధి అరుదు. కారణం పరిశోధనలలో బయటపడింది. బియ్యపు గింజ పైపొరలోనూ మొలక భాగంలోనూ థయమిన్ అనే బి1 విటమిన్ ఉంటుంది. పచ్చి ధాన్యాన్ని మరలో బాగా పాలిష్ పట్టినప్పుడు ఆ పొర తవుడుగా పోతుంది. ధాన్యాన్ని ముందుగా నానబెట్టి, ఉడికించి, ఎండబెడితే విటమిన్ గింజ లోపలి భాగానికి చేరుతుంది. అందువల్లనే ఉప్పుడు బియ్యం తినేవారికి రక్షణ లభించింది. బియ్యాన్ని పదేపదే కడగడం, గంజి వార్చి పారబోయడం వంటి అలవాట్లు మిగిలిన కొద్దిపాటి విటమిన్‌ను కూడా నీళ్ళపాలు చేశాయి. కడుపు నిండింది, శరీరం మాత్రం ఆకలిగానే ఉండిపోయింది.

ఈ బెరిబెరి పరిశోధన కోసమే 1918లో తమిళనాడులోని కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ఒక చిన్న విభాగాన్ని ఆరంభించాడు. అదే క్రమంగా విస్తరించి 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 1969 నుంచి జాతీయ పోషకాహార సంస్థగా ప్రసిద్ధి పొందింది. నేడు భారతీయులు ఏమి తినాలో, ఎంత తినాలో సూచించే సంస్థ పుట్టుకకు ఒక అన్నం మెతుకు కారణమైందని చెప్పవచ్చు.

ఆకులో దాగిన ఔషధం

పోషకాహార విజ్ఞానానికి తెలుగువారు అందించిన మహనీయుడు యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన 1895లో భీమవరంలో జన్మించాడు. స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధి ఆయన కుటుంబంలో విషాదం నింపింది. ఆయన కూడా ఆ వ్యాధి బారినపడి కోలుకొన్నాడు. ఈ వ్యాధిలో తిన్న ఆహారంలోని సారాన్ని ప్రేగులు గ్రహించలేవు. రోగి రక్తహీనతతో కృశించిపోతాడు. తన ఇంటిని తాకిన బాధ లోకాన్ని వేధించకూడదన్న తపన ఆయనను పరిశోధన వైపు నడిపింది. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నేతృత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేయగలిగింది. స్ప్రూ చికిత్సలోనూ, ఒక విధమైన రక్తహీనత చికిత్సలోనూ అది దివ్యౌషధంగా నిలిచింది.

ఫోలిక్ అనే మాట ఆకు అనే అర్థమున్న లాటిన్ పదం నుంచి వచ్చింది. అంటే భీమవరం బిడ్డ ప్రయోగశాలలో సాధించిన పదార్థం, పెరటిలోని తోటకూరలో, పాలకూరలో, పప్పుధాన్యాల్లో ప్రకృతి సిద్ధంగానే ఉంది. అయితే ఆకుకూరను ఎక్కువ నీటిలో చాలాసేపు ఉడికించి ఆ నీటిని పారబోస్తే ఫోలేట్ చాలావరకు నష్టమవుతుంది. కూరను ముందు కడిగి, తరువాత తరిగి, మూతపెట్టి తక్కువ నీటితో వండడం ఉత్తమం.

పళ్ళెం ఎలా ఉండాలి?

జాతీయ పోషకాహార సంస్థ 2024లో భారతీయుల కోసం 17 ఆహార మార్గదర్శకాలను ప్రకటించింది. రోజుకు 2000 కిలో కేలరీల శక్తి అవసరమైన వ్యక్తికి సుమారు 250 గ్రాముల ధాన్యాలు, 85 గ్రాముల పప్పులు, 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు, 100 గ్రాముల పండ్లు, 300 మిల్లీలీటర్ల పాలు లేదా పెరుగు, 35 గ్రాముల గింజలు, 27 గ్రాముల నూనె చాలునని సూచించింది. పళ్ళెంలో సగభాగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లతో నిండాలి. మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించకూడదు.

తెలుగువారి సాధారణ భోజనాన్ని ఈ కొలతతో పోల్చి చూస్తే లోపం వెంటనే తెలుస్తుంది. పళ్ళెం నిండా అన్నం, అంచున గరిటెడు కూర, పక్కన పచ్చడి. ఈ వరుసను మార్చడానికి పెద్ద ఖర్చు అక్కరలేదు. అన్నాన్ని కొంత తగ్గించి పప్పును, కూరను పెంచాలి. వారంలో కొన్ని రోజులు రాగి జావ, జొన్నరొట్టె వంటివి చేర్చాలి. మునగాకు, తోటకూర, నువ్వులు, వేరుసెనగ, గుడ్డు వంటివి సామాన్యునికి అందుబాటులో ఉన్న బలవర్ధకాలే. మందబుద్ధి ప్రచారాలకు లోబడి ప్రొటీన్ పొడుల డబ్బాలు కొనవద్దని ఆ మార్గదర్శకాలే హెచ్చరిస్తున్నాయి.

విద్యార్థుల విషయంలో మరొక లోపం ఉంది. ఉదయం తరగతులకు ఆలస్యమవుతుందని చాలామంది అల్పాహారం మానివేస్తారు. ఖాళీ కడుపుతో విన్న పాఠం మనసున నిలవదు. గోదావరి సీమలో బాటసారుల ఆకలి తీర్చి అన్నపూర్ణగా కీర్తి పొందిన డొక్కా సీతమ్మ పేరిట, 2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో మధ్యాహ్న భోజన పథకం ప్రారంభమైంది. చదువుకు, ఆకలికి ఉన్న సంబంధాన్ని గుర్తించిన ప్రయత్నమిది.

మామిడి – మేలు, మితం

మామిడిపండు పోషక విలువలు గలది. దాని పసిమికి కారణమైన కెరోటిన్ శరీరంలో ఎ విటమిన్‌గా మారి కంటిచూపును కాపాడుతుంది. అందులో సి విటమిన్, పీచుపదార్థం కూడా ఉన్నాయి. అయితే 100 గ్రాముల గుజ్జులో సుమారు 14 గ్రాముల చక్కెర ఉంటుంది. కాబట్టి పండును భోజనానంతరం అదనంగా కాక, అన్నంలో కొంత తగ్గించుకొని తినడం మంచిది. పంచదార కలిపిన రసంకన్న పండు మేలు. మధుమేహం ఉన్నవారు వైద్యుని సలహాతో కొద్ది ముక్కలకే పరిమితం కావాలి.

ఆవకాయ లేని తెలుగు ఇల్లు ఉండదు. కాని ఊరగాయలో ఉప్పు ఎక్కువ. రోజు మొత్తానికి 5 గ్రాముల కంటె తక్కువ ఉప్పు, అంటే ఒక చిన్న చెంచాకు మించకుండా చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఊరగాయ రుచి చూపే తోడుగా ఉండాలి. కూరకు బదులు కాకూడదు.

పండును మాగబెట్టే పద్ధతి కూడా ఆరోగ్యానికి సంబంధించినదే. పూర్వం రైతులు పక్వానికి వచ్చిన కాయలను వరిగడ్డి నడుమ పేర్చి మాగబెట్టేవారు. తొందరగా రంగు రప్పించాలన్న ఆశతో కొందరు కాల్షియం కార్బైడ్ వాడతారు. అందులో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ ఆనవాళ్ళు ఉండే ప్రమాదం ఉంది. అందువల్ల దేశంలో పండ్లను మాగబెట్టడానికి దాని వాడకం నిషిద్ధం. దానికి బదులు నియమిత మోతాదులో ఇథిలీన్ వాయువును వాడడానికి అనుమతి ఉంది. కొన్న పండును కొంతసేపు నీటిలో ఉంచి, బాగా కడిగి తినాలి.

నేల నుంచి నెత్తురు వరకు

రక్తహీనతకు ఆహారలోపం ఒక్కటే కారణం కాదు. మలంతో కలుషితమైన తడినేలలో కొంకి పురుగు పిల్లలు పెరుగుతాయి. చెప్పులు లేకుండా తోటల్లో, పొలాల్లో తిరిగేవారి పాదాల చర్మం గుండా అవి శరీరంలోకి చొరబడి, ప్రేగులను పట్టుకొని రక్తాన్ని పీలుస్తాయి. ఎంత మంచి ఆహారం తిన్నా ఆ బలం వంటికి పట్టదు. మరుగుదొడ్డి వాడకం, పాదరక్షలు, సబ్బుతో చేతులు కడుక్కోవడం అనే మూడు అలవాట్లు ఈ దారిని మూసివేస్తాయి. జాతీయ నులిపురుగుల నివారణ దినం సందర్భంగా 1 నుంచి 19 ఏళ్ళ వరకు ఉన్నవారికి ఇచ్చే ఆల్బెండజోల్ మాత్రను నిర్లక్ష్యం చేయరాదు.

ఆకుకూరలు, పప్పుల నుంచి లభించే ఇనుమును శరీరం సులభంగా గ్రహించలేదు. నిమ్మరసం, జామ, ఉసిరి వంటి సి విటమిన్ గల పదార్థాలు తోడైతే గ్రహించే శక్తి పెరుగుతుంది. భోజనంతోపాటు టీ, కాఫీ తాగితే తగ్గుతుంది. పప్పులో చివర పిండిన నిమ్మచెక్క రుచికే కాక రక్తవృద్ధికీ తోడ్పడుతుంది. ఎదిగే వయస్సులోని బాలికలకు ఈ విషయం మరింత ముఖ్యం. ఇంట్లో అందరూ తిన్న తరువాత మిగిలినది తినడమే ఆడపిల్ల ధర్మమన్న భావన ఇంకా కొన్నిచోట్ల ఉంది. అది సంప్రదాయం కాదు, అన్యాయం.

శ్రమ – విశ్రాంతి

ఒకప్పుడు తెలుగు పల్లెలో వ్యాయామం అనే మాట ప్రత్యేకంగా అవసరం లేకపోయింది. నీళ్ళు తోడడం, దంచడం, దున్నడం, నడవడం దినచర్యలో భాగాలు. యంత్రాలు శ్రమను తగ్గించాయి. భోజనపు పరిమాణం మాత్రం తగ్గలేదు. 5 నుంచి 17 ఏళ్ళ వయస్సువారు రోజుకు సగటున 60 నిమిషాలైనా శరీరం కదిలేలా ఆడాలని, పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు మితమైన వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. చెడుగుడు, ఖోఖో, సైకిలు, వేగంగా నడక – ఏదైనా సరే. ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో తన బలప్రదర్శనలతో దేశాన్ని అబ్బురపరచిన కోడి రామమూర్తి నాయుడు శాకాహారి. నిత్యసాధనే ఆయన బలానికి ఆధారం.

శ్రమ ఎంత అవసరమో నిద్ర అంత అవసరం. కౌమార వయస్సులో రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. పరీక్షల పేరుతో అర్ధరాత్రి వరకు మేలుకోవడం, ఆపైన చరవాణి తెరను చూస్తూ గడపడం జ్ఞాపకశక్తిని దెబ్బతీస్తాయి. పగలు చదివినది మెదడులో స్థిరపడేది నిద్రలోనే. నిద్రను దొంగిలించి సంపాదించిన మార్కులకు శరీరం వడ్డీతో సహా వసూలు చేస్తుంది.

మామిడి మొక్క నాటిన రైతు మరునాడే పండును ఆశించడు. ఏళ్ళ తరబడి నీరు పోసి, కంచె కట్టి, చీడను కనిపెట్టి కాపాడుకొంటాడు. ఆరోగ్యం కూడా అటువంటి తోటే. పదహారేళ్ళ ప్రాయంలో నాటుకొన్న అలవాట్లు నలభై ఏళ్ళ నాటికి కాపుకు వస్తాయి. అవి తీపి ఫలాలు కావాలో, చేదు ఫలాలు కావాలో నిర్ణయించుకోవలసిన సమయం యౌవనమే. ఆ నిర్ణయం ఆసుపత్రిలో కాక, ప్రతిదినం పళ్ళెం ముందు కూర్చున్నప్పుడు జరుగుతుంది.

కఠిన పదాలు – అర్థాలు

చిక్కం = కాయలు కోయడానికి గడకు కట్టే వల సంచి
ముచ్చిక = కాయను కొమ్మకు కలిపే తొడిమ
వైరుధ్యం = పరస్పర విరోధం
కృశించు = చిక్కిపోవు
కౌమారం = బాల్యానికి, యౌవనానికి నడుమ దశ

ప్రశ్నలు

1. ధాన్యం సమృద్ధిగా ఉన్న తీరప్రాంతంలో బెరిబెరి వ్యాపించడానికి కారణాలను వివరించండి.
2. యల్లాప్రగడ సుబ్బారావు కృషిని తెలపండి.
3. రక్తహీనతకు, పరిసరాల శుభ్రతకు గల సంబంధమేమిటి?
4. మీ ఇంటి భోజనాన్ని పాఠంలోని సూచనలతో పోల్చి, చేయదగిన మార్పులను రాయండి.