పన్నెండు వోల్టుల పాట

కారు స్టీరియోల షాపులో డబ్బాల మీద తరచూ కనిపించే అంకె ఒకటుంది: 50 వాట్లు, నాలుగు చానళ్లు. కారుతో వచ్చిన కంపెనీ సెట్టు తీయించి దీన్ని పెట్టిస్తే ఏడుగురు కూర్చునే బండిలో చివరి వరస దాకా పాట నిండుగా వినిపిస్తుందని కొనేవాళ్ల ఆశ. ఆశ న్యాయమైనదే. కానీ ఆ అంకెను నమ్మాలో వద్దో తేల్చుకోవాలంటే బానెట్ ఎత్తి బ్యాటరీని చూడాలి. కారులో పాట ఎంత గట్టిగా, ఎంత శుభ్రంగా మోగాలన్నది మొదటినుంచీ దాని చేతిలోనే ఉంది.

1930లో షికాగోలో పాల్ గాల్విన్, ఆయన తమ్ముడు జోసెఫ్ కష్టాల్లో ఉన్నారు. బ్యాటరీ రేడియోలను ఇంటి కరెంటుతో నడిపే పరికరాలు చేసి అమ్మేవారు. నేరుగా ప్లగ్గు పెట్టుకునే రేడియోలు రావడంతో ఆ బేరం పడిపోయింది. దానికి తోడు ఆర్థిక మాంద్యం. ఎల్మర్ వేవరింగ్, విలియం లియర్ల సాయంతో గాల్విన్ తన స్టూడ్‌బేకర్ కారులో రేడియో అమర్చి, జూన్‌లో అట్లాంటిక్ సిటీలో జరిగే రేడియో తయారీదార్ల సభకు బయలుదేరాడు. లోపల స్టాలు లేదు. కారును బయటే నిలిపి, వాల్యూమ్ పెంచి, వచ్చేపోయేవాళ్లకు వినిపించి ఆర్డర్లు రాబట్టాడు. ఆ రేడియోకు మోటరోలా అని పేరు పెట్టాడు. 1947లో కంపెనీ పేరే మోటరోలా అయింది. 1930 నాటి ఆ తొలి సెట్టు ధర 110 నుంచి 130 డాలర్ల మధ్య, అంటే అప్పటి చవక కారు ఖరీదులో దాదాపు ఐదో వంతు.

రేడియో పెట్టడం ఒక ఎత్తు, దానిచేత పాడించడం మరో ఎత్తు. ఇంజను తిరుగుతుంటే స్పార్క్ ప్లగ్గుల్లో మెరిసే ప్రతి నిప్పురవ్వా ఒక చిన్న రేడియో ప్రసారమే. ఆ పటపటలు పాటలో కలిసిపోయేవి. ప్లగ్గు వైర్లలో రెసిస్టర్లు, డైనమో దగ్గర కెపాసిటర్లు పెట్టి ఆ రొదను అణచాల్సి వచ్చింది. అంతకంటే మొండి సమస్య వోల్టేజీది. అప్పటి కారు బ్యాటరీ ఇచ్చేది 6 వోల్టులు. రేడియోలోని వాల్వులు పనిచేయాలంటే వందకు పైగా వోల్టులు కావాలి. అందుకని మొదట్లో కారు అడుగున విడిగా డ్రై బ్యాటరీల బరువు మోయించేవారు. అవి అయిపోతే మళ్లీ కొనాలి.

దీనికి దొరికిన విరుగుడు వైబ్రేటర్. సన్నని లోహపు పట్టీ ఒకటి అయస్కాంతం లాగుడుకు సెకనుకు వందసార్లకు పైగా ఊగుతూ కరెంటును కలుపుతూ, తెంచుతూ ఉంటుంది. బ్యాటరీ నుంచి వచ్చే ఏకధార కరెంటును ట్రాన్స్‌ఫార్మర్ పెంచలేదు. ఇలా ముక్కలు చేస్తే పెంచగలదు. పెంచినదాన్ని మళ్లీ ఏకధారగా మార్చి వాల్వులకు ఇస్తారు. ఆనాటి కారు రేడియో ఆన్ చేయగానే వినిపించే సన్నని జుమ్మనే మోత ఈ పట్టీదే. ఎంతో ఆలోచన ఇమిడిన ఈ చిన్న వస్తువుకు చరిత్రలో దక్కాల్సిన పేరు దక్కలేదని నాకనిపిస్తుంది.

1950ల మధ్యలో అమెరికా కార్లు 12 వోల్టులకు మారాయి. దాదాపు అదే సమయంలో, 1955లో, క్రైస్లర్ కోసం ఫిల్కో కంపెనీ పూర్తిగా ట్రాన్సిస్టర్లతో నడిచే కారు రేడియో చేసింది. ట్రాన్సిస్టర్‌కు 12 వోల్టులు చాలు. వైబ్రేటర్ పోయింది, దాని మోత పోయింది, వాల్వులు వేడెక్కేదాకా ఆగే అవసరమూ పోయింది. ఆ తర్వాత ఎయిట్‌ట్రాక్, క్యాసెట్, 1984లో పయొనీర్ తెచ్చిన కారు సీడీ ప్లేయర్ వరసగా వచ్చాయి. కార్లలో పైపైన మారినవి ఇవే. కానీ కొనేవాడికి అసలు స్వేచ్ఛ ఇచ్చింది ఒక కొలత: వెడల్పు 180, ఎత్తు 50 మిల్లీమీటర్లు. డిన్ పేరుతో జర్మన్లు పెట్టుకున్న ఈ కొలత తర్వాత అంతర్జాతీయ ప్రమాణం అయింది. ఎత్తు రెట్టింపైతే డబుల్ డిన్. డ్యాష్‌బోర్డులో గుంట సైజు ఒకటే కాబట్టి ఏ కంపెనీ సెట్టునైనా తీసి మరో కంపెనీది పెట్టుకోగలిగాం.

ఇప్పుడు ఆ 50 వాట్ల లెక్క చూద్దాం. ఇంజను నడుస్తున్నప్పుడు కారులో ఉండేది సుమారు 14.4 వోల్టులు. స్పీకర్ నిరోధం 4 ఓములు. వోల్టేజీ వర్గాన్ని నిరోధంతో భాగిస్తే 51.8 వాట్లు. డబ్బా మీది అంకె ఇక్కడిదే. అయితే అది శిఖరం నెత్తి కోసేసి చదును చేసిన, వికృతమైన తరంగానికి వచ్చే లెక్క. పాట శుభ్రంగా మోగేటప్పుడు అందులో సగం, అంటే 26 వాట్లు దాటడం సాధ్యం కాదు. సర్క్యూట్లో పోయేది పోగా దక్కేది 20కి అటూ ఇటూ. కంపెనీ సెట్టుకూ ఇదే హద్దు. కాబట్టి పెద్ద స్క్రీన్ ఉన్న కొత్త సెట్టు మార్చినంత మాత్రాన పాట బలం పెరగదు.

ఆ హద్దు దాటాలంటే విడిగా యాంప్లిఫైయర్ పెట్టాలి. దాని డబ్బాలో మొదట ఉండేది ఒక కన్వర్టర్. బ్యాటరీ కరెంటును సెకనుకు వేలసార్లు తెంచి, ట్రాన్స్‌ఫార్మర్‌తో పెంచి, మళ్లీ ఏకధార చేస్తుంది. ఊగే పట్టీ బదులు ట్రాన్సిస్టర్ వచ్చిందంతే, చేసేది వైబ్రేటర్ పనే! ఇంత శక్తి లాగే వైరు లావుగా, నిఖార్సైన రాగిదై ఉండాలి. రాగి పూత పూసిన అల్యూమినియం వైర్లు చవగ్గా దొరుకుతాయి గానీ ఆ లావుకు అంత కరెంటు మోయలేవు. బ్యాటరీకి జానెడు, రెండు జానల లోపే ఫ్యూజు ఉండాలి. పిల్లలు ఎక్కే బండిలో ఫ్యూజు లేని వైరు రేకుకు ఒరుసుకుంటే మంటలే. ఈ ఒక్క విషయంలో ఏ మెకానిక్ తొందరపెట్టినా వినకండి.

ఖర్చు పెట్టే ఉద్దేశం తక్కువైతే నా ఓటు తలుపులకు. స్పీకర్ అట్ట ముందుకు కదిలినప్పుడు ముందు గాలి నొక్కుకుంటుంది, వెనక గాలి పలచబడుతుంది. తలుపు లోపలి రేకుకు పెద్ద పెద్ద కంతలుంటాయి కాబట్టి ఆ రెండూ కలిసి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ముందుగా నష్టపోయేది బేస్. డోర్ ప్యాడ్ విప్పి ఆ కంతలు మూసి, రేకుకు బ్యూటైల్ షీట్ అంటిస్తే పాత స్పీకర్లే కొత్త గొంతుతో పాడతాయి. అద్దం దిగే దారి, అడుగున నీరు పోయే రంధ్రాలు మాత్రం మూయకూడదు. స్పీకర్లు మార్చేటప్పుడు వాట్లతో పాటు సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన శక్తికి ఎంత గట్టిగా మోగుతాయో, అడగండి. అది 3 డెసిబెళ్లు ఎక్కువుంటే, యాంప్లిఫైయర్ శక్తి రెట్టింపు చేసినంత ఫలితం.

కొత్త కార్లలో 180 మిల్లీమీటర్ల గుంట కనుమరుగవుతోంది. ఏసీ, రివర్స్ కెమెరా, స్టీరింగ్ బటన్లు అన్నీ ఒకే తెరలో కలిసిపోయి, వాహనం లోపలి నెట్‌వర్క్ మీద మాట్లాడుకుంటున్నాయి. దాన్ని పీకేస్తే ఏసీ నడపడమే కష్టం కావచ్చు. అందుకే ఇప్పుడు తెరను అలాగే ఉంచి, స్పీకర్‌కు వెళ్లే సిగ్నల్‌నే కప్లర్ ద్వారా తీసుకుని ప్రాసెసర్ ఉన్న యాంప్లిఫైయర్‌కు ఇస్తున్నారు. వైర్లు కోసే పని లేదు. చిన్న స్పీకర్లు చిరగకుండా వాల్యూమ్ పెరిగేకొద్దీ బేస్ తగ్గించే ఏర్పాటు చాలా కంపెనీ సెట్లలో ఉంటుంది. ఆ లోటును ప్రాసెసర్ సరిదిద్దగలదు.

బ్యాటరీ కథా ఆగలేదు. 2023లో వచ్చిన టెస్లా సైబర్‌ట్రక్ 48 వోల్టుల వైరింగ్‌కు మారింది. వోల్టేజీ నాలుగు రెట్లయితే అదే స్పీకర్‌కు అందగల శక్తి పదహారు రెట్లు. ఆ వైరింగ్ మన ఏడు సీట్ల బండ్లలోకీ వస్తే, యాంప్లిఫైయర్ లోపల వోల్టేజీ పెంచే కన్వర్టర్ అవసరమే ఉండకపోవచ్చు.