పరదేశమందలి ఆస్తి, స్వదేశపు రాయబారి

పరదేశమున కష్టించి కూడబెట్టిన ఇంటిని, అంగడిని ఆ దేశపు ప్రభుత్వమే లాగికొన్నచో ఎవరితో మొఱపెట్టుకొనవలెను? మొదట అచ్చటి న్యాయస్థానములతో. అచట న్యాయము దొరకనిచో స్వదేశ ప్రభుత్వము తన రాయబారి ద్వారమున ఆ తగవును చేపట్టవచ్చును. చేపట్టిన పిమ్మట అది రాజ్యపు తగవగును. మావ్రొమ్మాటిస్ అను గ్రీకు దేశీయుని వ్యాజ్యమున హేగు నగరపు అంతర్జాతీయ న్యాయస్థానము 1924లో ఇట్లే నిర్ణయించెను. కావున చేపట్టుటయు మానుటయు రాజ్యము చిత్తము.

1938 ఏప్రిల్ 26న జర్మనీలోని నాజీ ప్రభుత్వము, 5,000 మార్కులకు మించిన ఆస్తిగల యూదులు దానిని లెక్క వ్రాసి యియ్యవలెనని శాసించెను. దోపిడికి అది నాంది. అచటనున్న అమెరికా పౌరులగు యూదుల పక్షమున వారి ప్రభుత్వము అభ్యంతరము తెలిపెను. పొరుగింటి జర్మను యూదుని దోచినది వాని ప్రభుత్వమే. వాని కొఱకు వ్రాయు రాయబారి యెవడు?

ఈ ప్రశ్న మనవారికిని తగిలినది. విశాఖపట్టణము, గోదావరి మండలములనుండి వేలాదిమంది రంగూనుకు పోయి, రేవులలోను ధాన్యపు మిల్లులలోను పనిచేసిరి. కోరంగి రేవు పేర వారిని అచట కోరంగీలనిరి. 1942లో జపాను దండెత్తగా పెక్కురు కాలినడకన పాఱివచ్చిరి. కొందఱు యుద్ధానంతరము మరల పోయిరి. 1950 నాటి మన రాజ్యాంగము 8వ అధికరణమున, పరదేశమందున్న భారతసంతతివారు మన రాయబారి కార్యాలయమున పేరు నమోదు చేయించుకొన్నచో భారత పౌరులగుదురని యున్నది. కొందఱు చేయించుకొనిరి, కొందఱు బర్మా పౌరసత్వము కోరిరి, పెక్కురు ఏదియు చేయలేదు. తాతనాటి యింటికి కాగితమేలయని తలచుట సహజమే కదా!

1962లో నే విన్ సేనాని అధికారము చేకొనెను. 1963, 64లలో బ్యాంకులు, అంగళ్లు ప్రభుత్వపరమయ్యెను. 1964 మే 17న 50, 100 చాట్ల నోట్లు చెల్లవనిరి. ఆ సెప్టెంబరులో మన విదేశాంగమంత్రి స్వరణ్ సింగు రంగూను వెళ్లెను. చట్టము అందఱకు నొకటే గనుక దానిని తప్పుపట్టక, నష్టపరిహారమును, సొమ్ము వెంట తెచ్చుకొను వీలును మనవారు కోరిరి. పేరునకు ఒకటే యనుట నిజము. కాని ఆ అంగళ్లలో పెక్కు భారతీయులవి! మన ప్రభుత్వము ఓడలను పంపినది. అట్లు వచ్చినవారి గుర్తుగా విశాఖలో బర్మా క్యాంపు అను పేరు నేటికిని నిలిచియున్నది. పరిహారము మాత్రము పెక్కురకు ముట్టలేదు.

ఏ కాగితమును లేక అచటనే నిలిచినవారికి 1982 నాటి బర్మా పౌరసత్వచట్టము మఱిన్ని చిక్కులు తెచ్చినది. వారు భారత పౌరులును కారు గనుక, వారు పోగొట్టుకొన్న యిండ్లను గూర్చి మన రాయబారి హక్కుగా అడుగజాలడు.