ఫీల్డ్ టెస్ట్ తర్వాత కంటి ప్రెషర్ నమ్మొచ్చా?

నీటికాసులు ఉన్నవాళ్లకు కంటి ఆసుపత్రిలో ప్రెషర్ చూడటం, చూపు పరిధిని కొలిచే ఫీల్డ్ టెస్ట్ చేయడం తరచూ ఒకే పూట జరుగుతాయి. ఫీల్డ్ టెస్ట్ వల్ల ప్రెషర్ పెరిగి, డాక్టరు అనవసరంగా ఇంకో చుక్కల మందు రాస్తారేమోనని చాలామందికి అనుమానం.

ఆ పరీక్ష చేయించుకున్నవాళ్లకు ఈ అనుమానం ఎందుకొస్తుందో తెలుసు. మసక చీకటి గది, ఒక కంటికి మూత, గడ్డం స్టాండు మీద. ఎదురుగా ఉన్న దీపాన్నే చూస్తూ, పక్కన ఎక్కడ చుక్క మెరిసినా బటన్ నొక్కాలి. బాగా వాడుకలో ఉన్న 24-2 పద్ధతిలో 54 చోట్ల చూపును పరీక్షిస్తారు. కనబడీ కనబడని హద్దు ఎక్కడుందో తేల్చడానికి యంత్రం వెలుగును కావాలనే తగ్గిస్తూ పోతుంది. కాబట్టి మంచి కంటికి కూడా చాలా చుక్కలు కనబడవు. ఆ ముక్క ముందే చెబితే పేషెంటు సగం కుదుటపడతాడు. చెప్పే తీరిక ఓపీలో ఎవరికుంది?

కంగారులో ఊపిరి బిగబడితే ప్రెషర్ కాసేపు పెరుగుతుంది. బిగుతు కాలరు కూడా పెంచగలదు. చీకట్లో కంటిపాప పెద్దదవుతుంది గనుక, కంట్లోని నీరు బయటికి పోయే కోణం ఇరుకుగా ఉన్నవాళ్ల సంగతి వేరు. వాళ్ల విషయంలో డాక్టరు ముందే జాగ్రత్తపడాలి.

ఇక తెరిచిన కోణం నీటికాసుల మీద జరిగిన అధ్యయనాలు ఒక్క మాట మీద లేవు. కొన్నింటిలో పరీక్ష తర్వాత ప్రెషర్ కొద్దిగా, తాత్కాలికంగా పెరిగింది. మరికొన్నింటిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. అసలు ఇద్దరు నిపుణులు ఒకే కంటికి ప్రెషర్ చూసినా ఒకటి రెండు పాయింట్లు తేడా రావడం మామూలే. పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉండటమూ మామూలే. ఆ మాత్రం తేడాకు ఫీల్డ్ టెస్ట్‌నే దోషిని చేయలేం.

అయితే ప్రెషర్ ముందే చూసేస్తే సరిపోదా? కంటిని తాకి కొలిచే పద్ధతిలో మొద్దుబార్చే మందు, రంగు వేస్తారు. దాంతో చూపు కాసేపు మసకబారి ఫీల్డ్ రిపోర్టే చెడవచ్చు. అందుకే చాలాచోట్ల ఫీల్డే ముందు. ఏ వరసైనా సరే, ప్రతిసారీ అదే వరస, వీలైతే అదే వేళ పాటించడం మేలు. కిందటిసారి ఫీల్డ్‌కు ముందు 17 ఉండి, ఈసారి తర్వాత 20 వస్తే, మందు మార్చే ముందు కాసేపు ఆగి మళ్లీ చూడమని అడగొచ్చు. మామూలు చుక్కల మందు మాత్రం ఆ పొద్దున మానేసి వెళ్లకూడదు. దానివల్ల పెరిగే ప్రెషర్‌కు ఫీల్డ్ టెస్ట్ బాధ్యత వహించదు.