రొదను అణచు హెడ్‌సెట్టు

మొన్న మా కళాశాల విద్యార్థి యొకడు ఒక సందేహముతో నా యొద్దకు వచ్చెను. విజయవాడ రైల్వేస్టేషనులో నిలబడి, చెవులకు తీగలేని హెడ్‌సెట్టు పెట్టుకొని, ఇంటికి ఫోను చేసినాడట. అది రొదను తగ్గించు రకము. పెట్టుకొనగానే ఇంజను హోరు చాలవరకు మాయమైనది. తల్లి మాట స్పష్టముగా వినబడినది. కాని అవతల ఆమె మాత్రము, "ఏంరా, ఆ గోలలో నీ మాట ఒక్కటీ తెలియడం లేదు, బయటికొచ్చి మాట్లాడు" అన్నదట. "ఒకే పరికరము, ఒకే రొద. నాకు వినబడని గోల మా అమ్మకెట్లు వినబడినది మాస్టారూ?" అని అతని ప్రశ్న.

మంచి ప్రశ్న. రొదను తగ్గించునని చెప్పబడు హెడ్‌సెట్టులో నిజమునకు రెండు వేరువేరు పనులు జరుగవలెను. చుట్టునున్న రొద మన చెవిలోనికి రాకుండ చూచుట ఒకటి. ఆ రొద మన మాటతో కలిసి అవతలివారికి పోకుండ చూచుట మరియొకటి. ఈ రెంటికి పద్ధతులు వేరు, సాధనములు వేరు. ఒకటి చక్కగా చేయు పరికరము రెండవదానిని అంత చక్కగా చేయునని నమ్మకము లేదు. ఎందువలననో చూతము.

ధ్వనికి ధ్వనియే విరుగుడు

శబ్దము గాలిలో తరంగములుగా ప్రయాణించునని విద్యార్థులు చదివియే యుందురు. తరంగము సాగునపుడు గాలి ఒకచోట నొక్కబడును, ఒకచోట పలుచబడును. మొదటిది సంపీడనము, రెండవది విరళీకరణము. ఒక తరంగపు సంపీడనము, అంతే బలముగల మరియొక తరంగపు విరళీకరణము ఒకేచోట ఒకే క్షణమున కలిసినచో, ఒకటి నొక్కుచుండగా రెండవది పలుచన చేయుచుండుటచే గాలి పీడనము మారదు. అక్కడ చప్పుడు ఉండదు. దీనిని విధ్వంసక వ్యతికరణము అందురు.

దీనిని పరీక్షించుటకు ఖరీదైన పరికరము అక్కరలేదు. పాఠశాల ప్రయోగశాలలోని శ్రుతిదండమును రబ్బరు దిమ్మెపై కొట్టి, చెవి దగ్గర నిలువుగా పట్టుకొని, కాడను వ్రేళ్ళతో మెల్లగా త్రిప్పుడు. ఒక పూర్తి చుట్టులో ధ్వని నాలుగు మారులు హెచ్చును; నాలుగు మారులు దాదాపు లేకుండ పోవును. దండము యొక్క రెండు భుజములు ఎడముగా కదలునపుడు వాని వెలుపలి వైపుల గాలి నొక్కబడును, నడిమి గాలి పలుచబడును. ఈ రెండు రకముల తరంగములు సరిసమానముగా కలియు దిక్కులలో నిశ్శబ్దము ఏర్పడును. ఉపాధ్యాయులు ఈ ప్రయోగమును ముందుగా చేయించినచో తక్కిన విషయము పిల్లలకు సులభముగా బోధపడును.

ఈ సూత్రముతో రొదను అణచవచ్చునని జర్మనీ దేశస్థుడు పాల్ ల్యూగ్ ప్రతిపాదించెను. అమెరికాలో ఆయనకు 1936లో పేటెంటు లభించినది. మైక్రోఫోనుతో రొదను గ్రహించి, దానిని తలక్రిందులు చేసి, స్పీకరు ద్వారా తిరిగి వదలవలెనని ఆయన ఆలోచన. ఆనాటి సాధనములకు ఆ పని మించినది. 1978లో అమర్ బోస్ విమానములో ప్రయాణించుచు, హెడ్‌ఫోనులో వినబోయిన సంగీతమును ఇంజను హోరు మ్రింగివేయుట గమనించి, ఆ ప్రయాణములోనే ఈ సమస్యపై లెక్కలు మొదలిడెను. ఆయన బెంగాలీ తండ్రికి అమెరికాలో జన్మించినవాడు. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఆచార్యుడు. ఆయన స్థాపించిన సంస్థ 1989లో విమానచోదకుల కొరకు ఇట్టి హెడ్‌సెట్టును విక్రయమునకు తెచ్చినది.

చెవి యొద్ద జరుగు పని

నేటి మంచి హెడ్‌సెట్టులో చెవిని కప్పు డొప్పకు వెలుపల ఒక చిన్న మైక్రోఫోను, లోపల చెవి ముందర మరియొకటి ఉండును. వెలుపలిది వచ్చుచున్న రొదను ముందుగా పసికట్టును. లోపలిది అణచిన పిమ్మట ఇంకను ఏమి మిగిలినదో తెలుపును. ఈ రెండు సమాచారములతో ఒక చిప్పు లెక్క కట్టి, స్పీకరు చేత విలోమధ్వనిని పలికించును.

లెక్క కట్టుటకు కొంత కాలము పట్టక తప్పదు. ఆ ఆలస్యము సెకనులో 10,000వ వంతు అనుకొందము. 100 హెర్ట్జుల ఇంజను హోరులో ఒక కంపనమునకు సెకనులో 100వ వంతు పట్టును. మన ఆలస్యము అందులో నూరవ భాగమే. కావున విలోమధ్వని ఇంచుమించు సరిగానే వచ్చి కలియును. కంపనపరిమితిలో నూటికి ఆరు వంతులు మాత్రము మిగులును. ఇక 5000 హెర్ట్జుల కీచుధ్వనిని తీసికొనుడు. దాని కంపనమునకు సెకనులో 5000వ వంతు చాలును. అదే ఆలస్యము ఇక్కడ సరిగా సగము కంపనమైనది. అప్పుడు సంపీడనముపై విరళీకరణము పడుటకు మారుగా సంపీడనమే వచ్చి పడును. అణచవలసిన ధ్వని రెట్టింపగును!

అందుచేతనే ఈ ఉపాయమును ముఖ్యముగా తక్కువ పౌనఃపున్యముగల ధ్వనులపై ప్రయోగింతురు. ఎక్కువ పౌనఃపున్యముగల వానిని ఆపు పని చెవి చుట్టునుండు మెత్తకు, లేక చెవిరంధ్రమును మూయు రబ్బరు బుడిపెకు వదలుదురు. రైలు హోరు, విమానపు ఇంజను, ఏ.సి. యంత్రము చక్కగా అణగిపోవుటకు, ప్రక్కవారి మాటలు, గిన్నెల చప్పుడు కొంత వినబడుచునే యుండుటకు కారణమిదియే.

ఇక్కడ మరువరాని సంగతి యొకటి కలదు. ఈ నిశ్శబ్దము చెవి ముందరి చిటికెడు చోటులోనే ఉన్నది. డొప్పకు వెలుపల, నోటి వైపున మన మాటను అందుకొను మైక్రోఫోను మాత్రము స్టేషను గోల నడుమనే ఉన్నది. మా విద్యార్థికి నిశ్శబ్దము, అతని తల్లికి గోల వినబడుటలో వింత లేదు.

నోటి యొద్ద జరుగు పని

మాటను కాపాడుట మరింత కష్టము. చెవి యొద్ద బయటి ధ్వని అంతయు శత్రువే. నోటి యొద్ద అట్లు కాదు. మైక్రోఫోనులోనికి మాట, రొద కలిసియే వచ్చును. ఏది ఉంచవలెనో, ఏది తీసివేయవలెనో ముందు తేల్చుకొనవలెను.

మొదటి ఉపాయము దూరము. బహిరంగ ప్రదేశమున ధ్వని తీవ్రత దూరపు వర్గమునకు విలోమానుపాతములో తగ్గును. కాడ చివర మైక్రోఫోను నోటికి 2 సెంటీమీటర్ల దూరములోను, చెవిలోని బుడిపె మైక్రోఫోను 12 సెంటీమీటర్ల దూరములోను ఉన్నవనుకొందము. దూరము 6 రెట్లు. కావున రెండవదానికి అందు మాట తీవ్రత సుమారు 36వ వంతు. రొద మాత్రము రెంటికి సమానమే. ఫోనుపై దినమంతయు మాట్లాడు ఉద్యోగులు నోటి ముందరికి కాడ వచ్చు హెడ్‌సెట్టునే వాడుటలో ఇంత లెక్క ఉన్నది.

రెండవ ఉపాయము జంట మైక్రోఫోనులు. అవి 2 సెంటీమీటర్ల ఎడముగా, నోటి వైపునకు వరుసలో ఉన్నచో, మాట మొదటిదానిని చేరిన తరువాత సెకనులో లక్షకు 6 వంతుల కాలమునకు రెండవదానిని చేరును. ప్రక్కనుండి వచ్చు ధ్వనికి ఈ తేడా వేరుగా ఉండును. ఆ తేడాను పట్టి, నోటి దిక్కు నుండి వచ్చుదానిని ఉంచి తక్కినదానిని తగ్గింతురు.

మూడవది కంప్యూటరు శిక్షణ. వేలకొలది మాటలను, రొదలను ఇచ్చి, మాట లక్షణమేదో రొద లక్షణమేదో వేరు చేయుటను ప్రోగ్రామునకు నేర్పుదురు. పంకా హోరును ఇది సులభముగా తీసివేయును. ప్రక్కన మరియొకరు మాట్లాడుచున్నప్పుడు తికమకపడును. అదియు మాటయే గదా! అతిగా తీసివేసినచో మన హల్లులును కొన్ని ఎగిరిపోవును. ఇక గాలి వీచినపుడు మైక్రోఫోను ముఖముపైననే సుడులు లేచి బరబర చప్పుడు పుట్టించును. మైక్రోఫోనులకు నురుగు తొడుగు వేయుట ఇందుకే.

తీగకు బదులు రేడియో

హెడ్‌సెట్టునకు, ఫోనునకు నడుమ తీగ లేదు. బ్లూటూత్ అను రేడియో సంబంధము కలదు. ఇది 10వ శతాబ్దపు డెన్మార్కు రాజు బిరుదు. దీని తరంగముల పౌనఃపున్యము సుమారు 240 కోట్ల హెర్ట్జులు. తరంగదైర్ఘ్యము 12 సెంటీమీటర్లకు కొంచెము పైన. అదే పట్టీలో వైఫై మొదలగునవి కూడ పనిచేయుచుండుటచే, ఫోను సంభాషణలకు చిరకాలముగా వాడుచున్న పద్ధతిలో, రేడియో 79 మార్గముల నడుమ సెకనుకు 1600 మారుల వరకు గెంతుచుండును. ఒక మార్గము మూసికొన్నను వేరొకటి దొరకును.

పాత హెడ్‌సెట్టులు ఫోను మాటను సెకనుకు 8000 మారులు కొలిచి పంపెడివి. అట్లు కొలిచినచో 4000 హెర్ట్జులకు లోబడిన ధ్వనులే అందును. మన 'స'కారపు బుసలో ఎక్కువ భాగము అంతకు పైననే ఉండును. పాత ఫోనులలో 'స', 'ఫ' వంటి అక్షరములు ఒకదానికొకటిగా వినబడుట ఇందువలననే. నేటి చాల హెడ్‌సెట్టులు సెకనుకు 16,000 మారులు కొలుచుచున్నవి. మాట స్పష్టత ఆ మేరకు పెరిగినది.

చేతికి విరామము, మనస్సునకు లేదు

చేతులు ఖాళీగా ఉండుట గొప్ప సౌకర్యమే. వంట చేయుచు, కాగితములు సర్దుచు మాట్లాడవచ్చును. కాని బండి నడుపుచు మాట్లాడవచ్చునా? మన దేశమున 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము, చేత పట్టుకొను ఫోనును వాడుచు బండి నడుపుటను ప్రమాదకరమైన డ్రైవింగులో చేర్చినది. చేతిలో ఫోను లేదు గనుక భయము లేదని కొందరి భావన. అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2001లో ప్రకటించిన ప్రయోగములో, ఫోనుపై మాట్లాడుచున్నవారు బండి నడుపుటకు మారుగా పెట్టిన పరీక్షలో రెట్టింపు ఎరుపు గుర్తులను గమనింపక వదలిరి. ఫోను చేతిలో ఉన్నను లేకున్నను ఫలితము ఒకటే. రేడియో వినువారిలో ఆ లోపము కనబడలేదు. చిక్కు చేతిలో లేదు, సంభాషణలో ఉన్నది. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఒక్క సెకనులో 16 మీటర్లకు పైగా పోవును.

నడుచువారికి మరియొక హెచ్చరిక. వెనుకనుండి వచ్చు లారీని మనకు మొదట తెలుపునది దాని హోరే. ఈ పరికరము అన్నిటికంటె బాగుగా తుడిచివేయునది సరిగా ఆ హోరునే! రోడ్డు దాటునపుడు, రైలు పట్టాల దగ్గర దానిని తీసివేయుటయే క్షేమము.

మా విద్యార్థికి నేను చెప్పినది ఇంతే: "నీ చెవికి హాయిగా ఉన్నదని నీ మాట చక్కగా పోవుచున్నదనుకొనకు. మైక్రోఫోనును నోటికి దగ్గరగా ఉంచు, గాలికి చాటుగా నిలబడు, మొదటి మాటగా 'వినబడుతున్నదా అమ్మా?' అని అడుగు." ఈ పరికరము పని సగమే మన చెవికి తెలియును. తక్కిన సగము సంగతి అవతలివారు చెప్పవలసినదే.