ఇంటికి ప్రింటర్ కొంటున్నారా? లేజరా, ఇంక్‌జెట్టా?

పిల్లల స్కాలర్‌షిప్ ఫారం, ఆధార్ జిరాక్స్, హజ్ దరఖాస్తుకు పాస్‌పోర్ట్ స్కాన్... ప్రతిదానికీ నెట్ సెంటర్ ముందు నిలబడలేక ఇంట్లోనే ఒక ఆల్ ఇన్ వన్ కొనేద్దాం అనుకునేవాళ్లు మన శ్రీకాకుళం, విజయనగరం వైపు కూడా పెరుగుతున్నారు. ప్రింట్, స్కాన్, కాపీ మూడూ ఒకే మెషీన్‌లో అయిపోతాయి. స్కాన్ పనికి ఏ రకం తీసుకున్నా పెద్ద తేడా ఉండదు. తేడా అంతా ప్రింట్‌లోనే.

ఇంక్‌జెట్ సన్నటి రంధ్రాల్లోంచి తడి ఇంకును కాగితం మీద చల్లుతుంది. లేజర్‌లో ఉండేది టోనర్ అనే పొడి. దాన్ని వేడి రోలర్ కరిగించి కాగితానికి అంటిస్తుంది. మిగతా మంచిచెడులన్నీ ఇక్కడి నుంచే వస్తాయి.

ఇంకు ఎండిపోతుంది, పొడి ఎండదు. అమ్మీ, అబ్బా హజ్‌కు వెళ్లి నలభై రోజులకు తిరిగొచ్చేదాకా ఇంట్లో ప్రింటర్ ఎవరూ ముట్టుకోలేదనుకోండి. ఇంక్‌జెట్ అయితే హెడ్ మూసుకుపోయి ప్రింట్‌లో గీతలు పడొచ్చు. హెడ్ క్లీనింగ్ కొడితే సరిగ్గా రావచ్చు గానీ, ఆ క్లీనింగే బోలెడు ఇంకు తాగేస్తుంది. లేజర్ అయితే ఆన్ చేసి ప్రింట్ ఇస్తే చాలు. అందుకే నెలకు నాలుగైదు కాగితాలు మాత్రమే తీసే ఇంటికి లేజరే నయం అని నా అభిప్రాయం, మొదట్లో ధర కాస్త ఎక్కువైనా సరే.

ఇంక్‌జెట్‌లో మళ్లీ రెండు రకాలు. షాపులో అన్నిటికంటే చవగ్గా కనిపించేది చిన్న కార్ట్రిడ్జ్ మెషీన్. దాని జోలికి పోకపోవడమే మంచిది. 800 రూపాయల కార్ట్రిడ్జ్ 120 పేజీలే ఇస్తే పేజీకి ఆరున్నర రూపాయల పైనే పడుతుంది, బయట జిరాక్స్ కంటే ఎక్కువన్నమాట! రెండోది సీసాతో ఇంకు నింపుకునే ట్యాంక్ రకం. ఎప్సన్ 003 నల్ల సీసా 65 మిల్లీలీటర్లు, కంపెనీ లెక్కలో 4,500 పేజీలు. రంగుల్లో ప్రాజెక్టులు చేసే పిల్లలున్నా, ఫొటోలు తీసుకునే అవసరమున్నా ఇదే తీసుకోండి. వారానికి ఒక్క రంగుల పేజీ అయినా తీస్తూ ఉండండి, హెడ్ బాగుంటుంది.

కరెంటు సంగతి మన జిల్లాల్లో మరిచిపోకూడదు. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ తర్వాత రోజుల తరబడి చీకట్లో గడిపినవాళ్లం కదా. లేజర్ రోలర్ వేడెక్కేటప్పుడు వందల వాట్లు లాగుతుంది, చిన్న ఇన్వర్టర్, కంప్యూటర్ యూపీఎస్ దానికి తట్టుకోలేవు. ఇంక్ ట్యాంక్‌కు పది ఇరవై వాట్లు చాలు. మరోవైపు తడి తగిలితే చాలా రకాల రంగు ఇంకులు కారిపోతాయి, టోనర్ అక్షరం చెదరదు. వానాకాలంలో కాగితాల కట్ట మాత్రం కవర్లో చుట్టి పెట్టండి, చెమ్మ పట్టిన కాగితం రెండింటిలోనూ ఇరుక్కుంటుంది.

మదరసాలో ఉర్దూ ప్రశ్నపత్రాలు తీసేవాళ్లకు లేజరే బాగుంటుంది. నస్తాలీఖ్‌లో చుక్కలు, సన్నటి గీతలు మామూలు కాగితం మీద ఇంకులా పాకకుండా పదునుగా పడతాయి. ఇంక్‌జెట్ కోసం చేసిన నిగనిగలాడే ఫొటో పేపర్ మాత్రం లేజర్‌లో పెట్టకండి, దాని పూత వేడికి కరిగి రోలర్‌కు అంటుకుంటే రిపేరు ఖర్చు మామూలుగా ఉండదు.

కొనేముందు షాపులో మూడు అడగండి. లేజర్‌తో పాటు వచ్చే మొదటి టోనర్ ఎన్ని పేజీలకు? చాలా వాటిలో అది సగం నింపిందే. ఆధార్ రెండు వైపులూ ఒకే పేజీపై వచ్చే ఐడీ కాపీ బటన్ ఉందా? సర్వీస్ మన ఊళ్లోనేనా, విశాఖ పంపాలా? ఇంట్లోనే జిరాక్స్ పెట్టి నాలుగు రూపాయలు సంపాదిద్దామనుకునే బాజీలు వారంటీ కార్డు కూడా చదవాలి. కొన్ని ఇంక్ ట్యాంక్ మోడళ్లకు ఏడాది లేదా 30,000 పేజీలు, ఏది ముందు పూర్తయితే అంతవరకే వారంటీ.