ఔషధ కర్మాగారాల్లో ప్రామాణిక కార్యవిధానాల రచన, ఆచరణ: తెలుగు వాక్యం దృష్ట్యా పరిశీలన

వ్యాససంగ్రహం:
ఔషధ తయారీలో ప్రతి పనికీ రాతపూర్వకమైన ప్రామాణిక కార్యవిధానం ఉండాలని, పని ఆ ప్రకారమే జరగాలని చట్టాలు నిర్దేశిస్తున్నాయి. వాడుకలో దీనిని ఎస్.ఓ.పి. అంటారు. చేసే మనిషికి చదవగానే తెలిసేలా రాసినప్పుడే అది అమలవుతుంది. తెలుగులో ఇటువంటి విధానాలు రాసేటప్పుడు వాక్యనిర్మాణం వల్ల కలిగే చిక్కులను, వాటి పరిష్కారాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: ప్రామాణిక కార్యవిధానం, ఔషధ తయారీ, విచలనం, క్త్వార్థకం, చేదర్థకం, సాంకేతిక రచన.

1. ఉపోద్ఘాతం:
జీడిమెట్ల, పాశమైలారం, జడ్చర్ల, పరవాడ వంటి పారిశ్రామిక ప్రాంతాల్లో తయారయ్యే మందులు దేశదేశాలకు వెళుతున్నాయి. మన దేశంలో ఔషధ తయారీకి పాటించవలసిన ప్రమాణాలు 1945 నాటి ఔషధ నియమావళిలోని షెడ్యూల్ ఎం లో ఉన్నాయి. 2023 డిసెంబరులో దానిని సవరించారు. అమెరికాకు ఎగుమతి చేసే సంస్థలు ఆ దేశపు నిబంధనలను కూడా పాటించాలి. వాటి సారాంశం మూడు మాటల్లో చెప్పవచ్చు: విధానం రాసి ఉండాలి, పని ఆ విధంగానే జరగాలి, జరిగిన పనిని జరిగిన సమయంలోనే నమోదు చేయాలి. రాసిన దానికి భిన్నంగా ఏది జరిగినా దానిని నమోదు చేసి, కారణం చూపాలి. కర్మాగారాల్లో డీవియేషన్ అని పిలిచే ఈ విచలనాన్ని దాచడం, విచలనం కంటే పెద్ద తప్పు.

ఇంత పట్టింపు ఎందుకన్న ప్రశ్న సహజం. తయారైన మాత్రలన్నింటినీ పరీక్షించలేము. పరీక్షించిన మాత్ర రోగికి చేరదు. కొన్ని నమూనాలు చూసి మిగిలినవాటిని నమ్ముతున్నామంటే, అన్నీ ఒకే విధంగా తయారయ్యాయన్న భరోసాతోనే. ఆ భరోసాకు ఆధారం కార్యవిధానం.

2. ఒక చారిత్రక ఉదాహరణ:
1972లో ఇంగ్లండులోని డెవన్‌పోర్ట్ ఆసుపత్రిలో, సిరలోకి ఎక్కించే డెక్స్‌ట్రోజ్ ద్రావణం కలుషితమై ఉన్నట్లు బయటపడింది. 5 మరణాలతో దానికి సంబంధం ఉన్నట్లు తేలింది. ప్రభుత్వం నియమించిన క్లోథియర్ సంఘం విచారణ జరిపింది. అంతకు ముందు ఏడాది ఆ సీసాలను ఆటోక్లేవ్‌లో ఆవిరితో శుద్ధి చేసినప్పుడు, అడుగున గాలి చిక్కుకుపోయి అక్కడి సీసాలకు తగినంత వేడి అందలేదు. ఉష్ణోగ్రతను నమోదు చేసే పరికరం ఆ లోపాన్ని చూపింది. అయితే పరికరమే చెడిపోయిందని భావించి పని కొనసాగించారు. తరువాత జరిపిన పరీక్షలూ లోపాన్ని పట్టలేకపోయాయి.

రెండు పరికరాలు రెండు విధాలుగా చెప్పినప్పుడు ఏం చేయాలన్నది ఆపరేటరు ఊహకు వదలదగిన విషయం కాదని ఈ సంఘటన చూపుతుంది. ఎప్పుడు ఆపాలో, ఎవరికి తెలపాలో చెప్పని కార్యవిధానం సగమే రాసినట్లు.

3. తెలుగు వాక్యం - చిక్కులు:
చాలా కర్మాగారాల్లో అసలు ప్రతి ఆంగ్లంలో ఉంటుంది. దానిని తెలుగులోకి తెచ్చేటప్పుడు నాలుగు విషయాలు గమనించాలి.

3.1 క్త్వార్థక మాలిక: "పాత్రను కడిగి, ఆరబెట్టి, మూత బిగించి, లేబుల్ అంటించాలి" అన్నది చక్కని తెలుగు వాక్యం. కాని ఇందులో పనులు నాలుగు, సమాపక క్రియ ఒకటి. రికార్డులో దీనికి ఒకే సంతకం పడుతుంది. ఆరబెట్టడం మరచినా ఆ సంతకం పడుతుంది. అందువల్ల ఒక్కొక్క పనిని ఒక్కొక్క సంఖ్యతో, ఒక్కొక్క సమాపక క్రియతో రాయాలి.

3.2 కర్త లోపం: "వాల్వు మూయాలి" అన్నప్పుడు ఎవరు మూయాలో తెలియదు. నిత్య సంభాషణలో సందర్భం ఆ లోటు తీరుస్తుంది. షిఫ్టు మారే వేళ తీర్చదు. "ఆపరేటరు వాల్వు మూయాలి, సూపర్‌వైజరు సరిచూసి సంతకం చేయాలి" అని కర్తను చెప్పాలి. "మూయబడును" వంటి కర్మణి ప్రయోగం చిక్కును మరింత పెంచుతుంది.

3.3 చివర వచ్చే నిషేధం: తెలుగులో వ్యతిరేకార్థం క్రియతో పాటు వాక్యం చివర వస్తుంది. "ఒత్తిడి పూర్తిగా తగ్గకముందు ఆటోక్లేవ్ తలుపు తెరవరాదు" అన్న హెచ్చరికను, తలుపు తెరవమన్న అంశం తరువాత రాస్తే ప్రయోజనం లేదు. హెచ్చరిక పనికి ముందుండాలి. ఈ విషయంలో చేదర్థకం మనకు అనుకూలం. "ఉష్ణోగ్రత నిర్ణీత పరిమితి కంటే తగ్గితే పని ఆపాలి" అన్న వాక్యంలో షరతు సహజంగానే ముందు వస్తుంది.

3.4 కొలత లేని మాటలు: "బాగా", "తగినంత", "అవసరమైతే" అన్న మాటలకు ఒక్కొక్కరు ఒక్కొక్క అర్థం తీసుకుంటారు. వాటి స్థానంలో నిమిషాలు, డిగ్రీలు, లీటర్లు ఉండాలి. వాల్వు, గేజి, బ్యాచ్ వంటి వాడుక మాటలకు కొత్త సంస్కృత పదాలు కల్పించడం కూడా తగదు. యంత్రం మీద ఉన్న పేరే కాగితం మీదా ఉండాలి.

4. ఆచరణ:
రాసిన విధానాన్ని ఆమోదించే ముందు, ఆ పని రోజూ చేసే వ్యక్తి చేత యంత్రం దగ్గరే చదివించి చేయించాలి. అతడు ఆగిన ప్రతిచోటా వాక్యం మార్చాలి. శిక్షణ పొందినట్లు సంతకం తీసుకుంటే సరిపోదు, చేసి చూపమనాలి. తెలుగు ప్రతికి కూడా అసలు ప్రతికి ఉన్న సంఖ్య, కూర్పు, నాణ్యతా విభాగం ఆమోదం ఉండాలి. ఆంగ్ల ప్రతి మారినా గోడ మీది పాత తెలుగు కాగితం అలాగే ఉంటే, కార్మికుడు రద్దయిన విధానాన్ని నిజాయితీగా పాటిస్తాడు. ఆ తప్పు అతనిది కాదు.

కార్మికులు ఒక అంశాన్ని పదేపదే దాటవేస్తున్నారంటే, క్రమశిక్షణ చర్యకు ముందు ఆ అంశాన్ని పరిశీలించాలి. ఇచ్చిన సమయంలో అది సాధ్యం కాకపోవచ్చు. చెప్పిన పరికరం అక్కడ లేకపోవచ్చు. అప్పుడు మార్చవలసింది కాగితాన్ని. ఆ మార్పు కూడా ఆమోదం పొందిన తరువాతే అమలులోకి రావాలి.

5. ముగింపు:
కార్యవిధానం తనిఖీ అధికారికి చూపడానికే అన్న భావన ఉన్నంతకాలం కాగితానికీ పనికీ మధ్య దూరం పెరుగుతుంది. రాత్రి షిఫ్టులో ఒంటరిగా యంత్రం ముందు నిలిచిన మనిషే దానికి మొదటి పాఠకుడు. అతని భాషలో, అతని పని వరుసలో, సందేహం కలిగినప్పుడు ఆగే అధికారాన్ని అతనికి ఇస్తూ రాసినదే సరైన కార్యవిధానం. సాంకేతిక తెలుగుపై జరిగే పరిశోధన పదకోశాలతో పాటు ఇటువంటి వాక్యాలపై కూడా దృష్టి పెట్టవలసి ఉంది.